ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ప్రయాణం... అమ్మాయిని పంపొచ్చా?

ఈమధ్య ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల నోట తరచు వినిపిస్తున్న మాట 'సోలో ట్రిప్'. సోలో అంటే ఒంటరిగా అని అర్థం. పోనీ నిజంగా ఒంటరిగా వెళ్తారా అంటే అదీ కాదు. ఓ కంపెనీవాళ్ళు ఫలానా తారీకున ఫలానా చోటికి టూరు అని ప్రకటిస్తారు. ఎక్కడెక్కడి పిల్లలో ఎవరికి వారు విడివిడిగా డబ్బు కడతారు. పన్నెండు మందో, పదిహేను మందో పోగవగానే బండి బయలుదేరుతుంది. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు ఒక్కళ్ళే. అక్కడికి చేరాక ఓ జట్టు. ఆ జట్టులో ఎవరికీ ఎవరి ముక్కూ మొహం తెలియదన్నమాట!

హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉద్యోగం చేస్తున్న కూతురు ఫోన్ చేసి "అమ్మా, వచ్చే నెల స్పితి వెళ్తున్నా" అంటుంది. ఆ స్పితి ఎక్కడుందో మనకి తెలియదు. "ఎవరితోనే?" అంటే, "తెలీదమ్మా, ఢిల్లీలో కలుస్తారు" అంటుంది. ఇక ఆ రాత్రి మనకి నిద్ర ఉండదు. వద్దంటే అలుగుతుంది. సరే అంటే వాళ్ళ నాన్నగారికి ఎవరు చెప్పాలి? రేపు సంబంధం వచ్చినప్పుడు అవతలివాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? ఇవన్నీ తల్లి నెత్తిమీదే కదా పడేది!

మా నగరంలోనే కాదు, రాజోలు, అమలాపురం, కొత్తపేట... కోనసీమలో ఏ వీధి చూసినా చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకి పై ఊళ్ళకి వెళ్ళినవాళ్ళే. ఇవాళ పక్కింట్లో వచ్చిన ప్రశ్న రేపు మనింట్లో రాక మానదు. అందుకే ఈ ట్రిప్పుల సంగతేమిటో, ఇందులో మంచేమిటో, భయపడాల్సిందేమిటో కాస్త నిదానంగా చూద్దాం.

జట్టు కట్టడం మనకి కొత్తా?

నిజం చెప్పాలంటే తెలియనివాళ్ళతో కలిసి ప్రయాణం చెయ్యడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. రైళ్ళు లేని రోజుల్లో కాశీ వెళ్ళాలంటే జట్టు కట్టే వెళ్ళేవారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే 18న సుమారు వందమందిని వెంటబెట్టుకుని కాశీయాత్రకి బయలుదేరారు. తిరిగి మద్రాసు చేరింది 1831 సెప్టెంబరులో. అంటే పదిహేను నెలల పైమాటే. ఏ ఊళ్ళో దిగారు, నీళ్ళు ఎలా ఉన్నాయి, దినుసులు దొరికాయా లేదా అని ఆయన రోజువారీగా రాసిపెట్టుకున్నదే 'కాశీయాత్ర చరిత్ర'. అది 1838లో అచ్చయింది. అడవి దారులు, దొంగల భయం, రోగాల భయం ఉన్న ఆ రోజుల్లో జట్టే వాళ్ళకి రక్ష.

అంతదాకా ఎందుకు, మన ఊళ్ళ నుంచి వెళ్ళే యాత్రా బస్సులు చూడలేదూ? ఊళ్ళో ఒకాయన పూనుకుని బస్సు మాట్లాడతాడు. వంటవాళ్ళు, గ్యాసు పొయ్యి, బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు అన్నీ బస్సులోనే. ఎవరి సీటుకి వాళ్ళు డబ్బు కట్టడం, కాశీ, గయ, ప్రయాగ చూసుకుని రావడం. భర్త పోయిన పెద్దావిడలు ఎంతమంది అలా ఒక్కళ్ళే వెళ్ళి, వచ్చేటప్పటికి పదిమంది స్నేహితురాళ్ళని సంపాదించుకుని రాలేదు! అప్పుడు మనం 'ఒంటరిగా వెళ్ళింది' అనలేదు, 'పుణ్యం చేసుకుంది' అన్నాం. పిల్లలు వెళ్ళేదీ ఇంచుమించు అలాంటి బస్సే. వయసు వేరు, వెళ్ళే చోటు వేరు, అంతే.

ఎక్కడ మొదలైంది?

డబ్బు పుచ్చుకుని జనాన్ని జట్టుగా తీసుకెళ్ళే వ్యాపారానికి ఆద్యుడిగా థామస్ కుక్ పేరు చెబుతారు. ఇంగ్లండులో 1841 జులై 5న లీస్టర్ నుంచి లఫ్‌బరోకి ప్రత్యేక రైలు మాట్లాడి, తలా ఒక షిల్లింగు చొప్పున సుమారు 500 మందిని తీసుకెళ్ళాడు. ఆయన పేరుతో పెరిగిన అంత పెద్ద కంపెనీ 2019లో దివాలా తీసిందనుకోండి, అది వేరే కథ.

కుర్రవాళ్ళ కోసమే ప్రత్యేకంగా ట్రిప్పులు వెయ్యడంలో పేరుపడ్డది 'కాంటికి' అనే కంపెనీ. న్యూజిలాండ్ నుంచి లండన్ వచ్చిన జాన్ ఆండర్సన్ అనే కుర్రవాడికి యూరప్ అంతా చూడాలని కోరిక, చేతిలో చూస్తే డబ్బు చాలదు. 1962లో ఓ మినీబస్సుకి బయానా కట్టి, తనతో వచ్చేవాళ్ళు ఓ డజనుమందిని పోగుచేసుకుని బయలుదేరాడు. ఖర్చు అందరికీ పంచుకోవడంతో తన ప్రయాణమూ గట్టెక్కింది, తర్వాత అదే వ్యాపారమూ అయింది. 18 నుంచి 35 ఏళ్ళవాళ్ళకే ట్రిప్పులు అన్న పద్ధతి ఆ కంపెనీది. 1989లో ఆస్ట్రేలియాలో ఇద్దరు మిత్రులు మొదలుపెట్టిన 'ఇంట్రెపిడ్' కంపెనీ, పెద్ద పెద్ద బస్సులు కాకుండా చిన్న చిన్న జట్లతో తిప్పడంలో పేరు తెచ్చుకుంది.

మన దేశంలో చూస్తే, యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా హిమాలయాల్లో ట్రెక్కింగులు నడుపుతున్నారు. సభ్యత్వం తీసుకుని ఎవరికి వారు పేరు ఇచ్చుకోవచ్చు. కులూ దగ్గర కసోల్‌లో బేస్ క్యాంపు పెట్టి సార్ పాస్ అనే కనుమకి నడిపించే ట్రెక్కు చాలామందికి తెలిసిందే. ఇక ఆడవాళ్ళు మాత్రమే వెళ్ళే ట్రిప్పుల కోసం 2005లో సుమిత్రా సేనాపతి 'విమెన్ ఆన్ వాండర్‌లస్ట్' అనే సంస్థ మొదలుపెట్టారు. ఈ పదేళ్ళలో అయితే ఢిల్లీ, బెంగుళూరుల్లో ఇలాంటి కంపెనీలు కోకొల్లలు. అందులో మంచివీ ఉన్నాయి, నిన్న పుట్టి రేపు మాయమయ్యేవీ ఉన్నాయి. తేడా ఎలా తెలుసుకోవాలన్నదే మనకి కావలసింది.

ట్రిప్పు ఎలా నడుస్తుంది?

సాధారణంగా ప్రయాణానికి కొద్దిరోజుల ముందు వాట్సాప్‌లో అందరినీ ఓ గ్రూపులో చేరుస్తారు. ఢిల్లీలోనో, చండీగఢ్‌లోనో ఓ సాయంత్రం కలుస్తారు. రాత్రి ప్రయాణం బస్సులో, తర్వాత కొండదారిలో టెంపో ట్రావెలర్. వాళ్ళతోపాటు కంపెనీ మనిషి ఒకరు ఉంటారు. 'ట్రిప్ కెప్టెన్' అంటారు. గదికి ఇద్దరో ముగ్గురో. ఆడపిల్లలకి ఆడపిల్లలతోనే గది ఇస్తారు. పొద్దున్న టిఫిను, రాత్రి భోజనం కంపెనీది. మధ్యాహ్నం భోజనం చాలాచోట్ల ఎవరిది వాళ్ళదే.

ఒక్కళ్ళే వెళ్ళకుండా ఇలా ఎందుకంటే లెక్క తేలికే. కొండల్లో ఓ బండికి వారానికి 60 వేలు అడిగారనుకోండి. ఒక్కళ్ళే వెళ్తే 60 వేలూ వాళ్ళే కట్టాలి. పన్నెండుమంది అయితే తలా 5 వేలు. గది అద్దె కూడా అంతే. డబ్బు సంగతి అలా ఉంచితే, స్నేహితులందరికీ ఒకేసారి సెలవు దొరకడం కష్టం. ఒకరికి కుదిరితే ఇంకొకరికి కుదరదు. పెళ్ళిళ్ళయి కొందరు వేరే దేశాలు వెళ్ళిపోతారు. ఇంకొకరి కోసం చూస్తూ కూర్చుంటే ఏ ఊరూ చూడలేం అని పిల్లల వాదన. కాదనలేం కదూ!

రెండు వారాల్లో రెండు వార్తలు

మంచేమిటో చెడేమిటో తెలియాలంటే 2014 సంవత్సరం గుర్తుచేసుకోవాలి. ఆ ఏడాది మే 25న నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ పిల్లకి పధ్నాలుగేళ్ళు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకున్న అమ్మాయి. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటు ఎక్కాడు. తెలుగువాళ్ళందరం పొంగిపోయాం.

సరిగ్గా రెండు వారాలకి, జూన్ 8న, అదే హిమాలయాల నుంచి ఇంకో వార్త వచ్చింది. హైదరాబాదు నుంచి టూరుకి వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో మండీ దగ్గర బియాస్ నదిలోకి ఫోటోల కోసం దిగారు. ఎగువనున్న లార్జీ విద్యుత్ ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా నీళ్ళు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్ళతో ఉన్న టూరు నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఆ తల్లుల ఏడుపు టీవీలో చూసి ఏడవని ఇల్లు లేదు.

పూర్ణ వెళ్ళింది ఎంతో ప్రమాదకరమైన చోటికి. ఈ పిల్లలు వెళ్ళింది రోడ్డు పక్కనున్న నదికి. కానీ పూర్ణ డార్జిలింగులో, లడఖ్‌లో నెలల తరబడి శిక్షణ తీసుకుని, కొండ తెలిసినవాళ్ళ వెంట వెళ్ళింది. ఈ పిల్లలకి ఆ నది సంగతి చెప్పేవాళ్ళు ఆ నిమిషంలో లేకపోయారు. ఎంత దూరం వెళ్తున్నారన్నది కాదు, తెలిసినవాళ్ళ వెంట వెళ్తున్నారా లేదా అన్నదే అసలు సంగతి.

దూరం ఊళ్ళే ప్రమాదమనుకోవడానికీ లేదు. మన గోదావరిలోనే 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి వెళ్ళిన బోటు కచ్చులూరు దగ్గర మునిగి యాభైమంది దాకా పోయారు. ఆ రోజు గోదావరి మంచి వరదమీద ఉంది. వరదలో బోటెక్కకూడదని గోదావరి ఒడ్డున పుట్టిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్త ఊరివాళ్ళకి మాత్రం చెప్పే మనిషి కావాలి. స్పితి వెళ్ళే మన పిల్లలకీ అంతే.

వద్దంటే ఆగుతారా?

ఇక అసలు చిక్కు. చాలా ఇళ్ళల్లో "పెళ్ళయ్యాక మీ ఆయనతో వెళ్దువుగానిలే" అని తేల్చేస్తారు. కొడుకు వెళ్తానంటే "జాగ్రత్త నాన్నా, స్వెట్టరు పెట్టుకో" అంటాం. కూతురు అడిగితే మాత్రం ఊరేమనుకుంటుందో అని చూస్తాం. ఊరి మాట కొట్టిపారెయ్యలేం. ఆ ఊళ్ళోనే కదా మనం బతకాలి! కానీ వద్దంటే ఏమవుతుందో కూడా చూడాలి.

మా దూరపు బంధువుల అమ్మాయి ఒకతి బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. ఇంట్లో ఒప్పుకోరని తెలిసి, "ఆఫీసు ట్రైనింగుకి పూనా వెళ్తున్నా" అని చెప్పి ఇలాంటి ట్రిప్పులో లడఖ్ వెళ్ళింది. విమానం దిగిన మర్నాడే పెద్ద కనుమకి తీసుకెళ్ళారట. తలనొప్పి, వాంతులు, ఊపిరి అందకపోవడం. కిందకి దించి లేహ్ ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టించారు. తన ఫోన్ అక్కడ పనిచెయ్యదు. జట్టులో ఉన్న ఇంకో అమ్మాయి, ఆమెదీ తెలుగే, తన ఫోన్ నుంచి ఇంటికి చేసింది. "ఆంటీ, మీ అమ్మాయి లేహ్‌లో హాస్పిటల్లో ఉంది" అంటే ఆ తల్లి "మా అమ్మాయి పూనాలో ఉందమ్మా, రాంగ్ నంబరు" అని పెట్టేసిందిట! మళ్ళీ చేసి నమ్మించేటప్పటికి అరగంట పట్టింది. దేవుడి దయవల్ల రెండు రోజుల్లో పిల్ల కోలుకుంది.

ఈ సంగతి విన్నవాళ్ళలో సగంమంది "చూశావా, అందుకే పంపకూడదు" అన్నారు. నాకు మాత్రం ఇంకోలా తోచింది. ఆ పిల్ల ఎలాగూ వెళ్ళింది. మన 'వద్దు' ఆమెని ఆపలేదు, నిజం చెప్పకుండా మాత్రమే ఆపింది. ముందే చెప్పి ఉంటే, "దిగిన రోజే కొండెక్కిస్తారా?" అని అడిగే పెద్దవాళ్ళు ఎవరో ఒకరు ఇంట్లో ఉండేవారు. ఇరవై అయిదేళ్ళ పిల్ల ఎక్కడుందో తెలియకపోవడం కన్నా, మనకి ఇష్టంలేని చోట ఉందని తెలియడమే నయం. ఇది నా అభిప్రాయం. కాదనేవాళ్ళు ఉంటారు, వాళ్ళ భయమూ నాకు తెలుసు.

డబ్బు కట్టేముందు అడగండి

అందుకని, అమ్మాయి అడిగినప్పుడు వెంటనే వద్దనీ అనొద్దు, సరేననీ అనొద్దు. పక్కన కూర్చుని ఈ ప్రశ్నలకి జవాబులు రాయించండి.

1. కంపెనీకి ఆఫీసు, జీఎస్టీ నంబరు ఉన్నాయా? డబ్బు కంపెనీ ఖాతాకి కట్టాలి. ఎవరో మనిషి పేరు మీదున్న ఫోన్ నంబరుకి పంపమంటే వద్దు. బిల్లు తప్పకుండా తీసుకోవాలి.

2. ప్రయాణం మానుకుంటే డబ్బు ఎంత తిరిగిస్తారు? కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసేస్తే ఆ రోజుల ఖర్చు ఎవరిది? ఇది రాతపూర్వకంగా ఉండాలి.

3. జట్టులో ఎంతమంది, అందులో ఆడపిల్లలు ఎంతమంది? గదిలో ఎవరు ఉంటారు? ఆడపిల్ల తనొక్కతే అయితే ఇంకో తారీకు చూసుకోవడం మంచిది.

4. కెప్టెన్ ఆ దారిలో ఇంతకుముందు వెళ్ళినవాడేనా? ప్రథమ చికిత్స తెలుసా? ఆక్సిజన్ సిలిండరు బండిలో ఉంటుందా?

5. కొండదారిలో రాత్రిపూట బండి నడుపుతారా? డ్రైవరు ఆ కొండ ప్రాంతంవాడేనా?

6. మందు పార్టీలు ఉంటాయా? మొహమాటం లేకుండా అడగమనండి. ఇష్టంలేని పిల్లల్ని బలవంతపెట్టని కంపెనీ అయితే సూటిగా జవాబు చెబుతుంది.

7. రోజూ ఎక్కడ బస? హోటలు పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు, కెప్టెన్ నంబరు ఓ కాగితం మీద రాసి మన దగ్గర ఉంచాలి. ఫ్రిజ్‌కి అంటించుకుంటే వెతుక్కోనక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. జమ్మూ కాశ్మీరులో, లడఖ్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచెయ్యవు. పోస్ట్‌పెయిడ్ ఉంటేనే పలుకుతుంది. ఇది తెలియక ఎంతమంది తల్లులు 'ఫోన్ కలవడం లేదు' అని దేవుళ్ళకి మొక్కుకుంటారో! అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం లాంటిచోట్లకి ఇన్నర్ లైన్ పర్మిట్ అనే అనుమతి పత్రం కూడా కావాలి. అత్యవసరానికి 112, ఆడవాళ్ళ సహాయానికి 181, పర్యాటకుల సమాచారానికి 1363 నంబర్లు పిల్లల ఫోన్లో ముందే ఎక్కించి ఉంచాలి.

కొండమీద ఒంటి సంగతి

మన కోనసీమ సముద్రానికి ఇంచుమించు సమంగా ఉన్న నేల. మనం చల్లగా ఉందని మురిసిపోయే అరకే 900 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. లేహ్ 3,500 మీటర్లు. ఖార్‌దుంగ్ లా కనుమ 5,300 మీటర్ల పైమాటే. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి ఆక్సిజన్ తక్కువ అందుతుంది. ఎంత ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకైనా, వయసు పిల్లలకైనా ఇది రావచ్చు.

విమానంలో లేహ్ దిగితే రెండు రోజులు గదిలోనే విశ్రాంతిగా ఉండాలి. నీళ్ళు బాగా తాగాలి. మద్యం, పొగ పనికిరావు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. అవి తగ్గేదాకా ఇంకా పైకి వెళ్ళకూడదు. కూర్చున్నా ఆయాసం, తడబడుతూ నడవడం, మాట తేడా వస్తే వెంటనే కిందకి దించి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మందులు బయలుదేరేముందే డాక్టరుని అడిగి తీసుకోవాలి గాని, స్నేహితులు ఇచ్చినవి వేసుకోకూడదు. ఉబ్బసం, రక్తహీనత, గుండె జబ్బు ఉన్న పిల్లలు డాక్టరు సరేనంటేనే వెళ్ళాలి. మన ఆడపిల్లల్లో రక్తం తక్కువవాళ్ళు ఎక్కువే, ఓసారి పరీక్ష చేయించడం మంచిది.

సంచిలో ఏం పెట్టాలి?

కొండల్లో దొరికేది రొట్టె, పప్పు, రాజ్మా, మ్యాగీ. నాలుగోరోజుకి మన పిల్లలకి కారం గుర్తొస్తుంది. పూతరేకులు సరదాపడి పెట్టకండి, పొడైపోతాయి. సున్నుండలు, జంతికలు, కందిపొడి, కరివేపాకు పొడి చిన్న చిన్న పొట్లాలుగా కట్టి ఇవ్వండి. వేడినీళ్ళు పోస్తే అయిపోయే ఉప్మా పొడి కూడా బాగా పనికొస్తుంది.

సన్న బొంబాయి రవ్వ రెండు గ్లాసులు సన్నని సెగమీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పక్కన పెట్టండి. మూడు చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి ముక్కలు, జీడిపప్పు వేయించి, కరివేపాకు తడి లేకుండా తుడిచి గలగలలాడేదాకా వేయించండి. ఇంగువ, ఉప్పు, కాస్త శొంఠిపొడి చేర్చి రవ్వలో కలపండి. పూర్తిగా చల్లారాక గాలి చొరని కవర్లో కట్టాలి. తడి తగలకపోతే రెండు వారాలు ఉంటుంది. ఒక గ్లాసు పొడికి రెండు గ్లాసుల మరిగే నీళ్ళు పోసి మూతపెడితే అయిదారు నిమిషాల్లో ఉప్మా. ఎత్తయిన చోట నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి కనుక పది నిమిషాలు మూత తియ్యొద్దని చెప్పండి.

మనకీ ఓ మాట

2018లో హైదరాబాదు నుంచి నలుగురు ఆడవాళ్ళు మోటారు సైకిళ్ళమీద బయలుదేరి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి వచ్చారు. మన దేశంతో కలిపి ఆరు దేశాలు, 17 వేల కిలోమీటర్ల దాకా ప్రయాణం. జై భారతి నాయకత్వంలో వెళ్ళిన ఆ జట్టులోని పియా బహదూర్ ఆ ప్రయాణం గురించి పుస్తకం కూడా రాశారు. వాళ్ళు కాలేజీ పిల్లలేమీ కాదు. మనం మోటారు సైకిలెక్కనక్కర్లేదు గాని, ఆడవాళ్ళ జట్లలో నలభై, యాభై దాటినవాళ్ళు కూడా వెళ్తున్నారన్నది తెలుసుకోవడం మంచిదే.

అమ్మాయి ఈసారి "వెళ్తానమ్మా" అంటే, "ఎవరితో?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకుండా, "ఏ కంపెనీ, ఏ దారి, ఏ హోటలు?" అని కూడా అడగండి. జవాబులు నచ్చకపోతే, ఎందుకు నచ్చలేదో చెప్పి మానిపించండి. నచ్చితే వాళ్ళ నాన్నగారికి ఆ కాగితం చూపించి మీరే చెప్పండి. రాత్రి బసకి చేరాక ఒక్క మాట చెప్పమని మాట తీసుకోండి. ఆ ఫోను వచ్చేదాకా మనం ఎలాగూ మేలుకునే ఉంటాం. కనీసం ఎక్కడినుంచి వస్తుందో తెలిసి మేలుకుంటాం.